రొయ్యల చెరువు మీద 15 కేవీఏ జనరేటర్: బ్యాటరీ ఛార్జర్ ఒక్క ఫేజుకేనా, మూడింటికీనా?

చెరువుగట్టు:
భీమవరం దగ్గర చెరువండి. కరెంటు పోతే నాలుగు 2 హెచ్‌పీ ఏరేటర్లు (నీళ్లలో గాలి కలిపే మోటార్లు) 15 కేవీఏ త్రీఫేజ్ జనరేటర్ మీద తిరుగుతాయి. షెడ్డు లైట్లు, కెమెరాలు, చిన్న పంపు మాత్రం సోలార్ ఇన్వర్టర్ మీద. బ్యాటరీలు 2 వోల్టుల ట్యూబులర్ సెల్లులు 24, ఒక్కోటి 600 ఏహెచ్ (ఆంపియర్ అవర్లు), వరసగా కలిపితే 48 వోల్టులు. ముసురు పడితే సోలార్ ఏమీ ఇవ్వదు. జనరేటర్ ఎలాగూ తిరుగుతుంది కదా, దాంతోనే ఛార్జింగ్ పెడదామని. మా ఎలక్ట్రీషియన్ 60 ఆంపియర్ల సింగిల్‌ఫేజ్ ఛార్జర్ ఒకటి చాలంటాడు. మా బావ ఫేజుకొకటి చొప్పున 20 ఆంపియర్లవి మూడు పెట్టమంటాడు. ఎవరి మాట వినాలి?

సోలార్‌పిచ్చోడు:
ఒకటి చాలు బ్రో. 60 ఆంపియర్లంటే 56 వోల్టుల దగ్గర 3.4 కిలోవాట్లు, నష్టాలు కలిపినా 3.8. ఏరేటర్లు నాలుగూ కలిపి 7.5. మొత్తం 11.3. మీ జనరేటర్ 0.8 పవర్ ఫ్యాక్టర్ (కేవీఏలో నిజంగా పనికొచ్చే కిలోవాట్ల వంతు) మీద 12 ఇస్తుంది. మూడు ఛార్జర్లంటే మూడు ఖర్చులు, మూడు రిపేర్లు.

రివైండింగ్‌షాపు:
మొత్తం కూడితే సరిపోతుంది బాబూ. కాలేది మొత్తం కాదు, ఒక ఫేజు వైండింగు. 15 కేవీఏకి ఫేజుకి 21 ఆంపియర్లే. ఏరేటర్లు అప్పటికే ఒక్కో ఫేజులో 13 లాగుతున్నాయి. ఛార్జర్ 3.8 కిలోవాట్లు ఒక్క ఆర్ ఫేజు (మూడు ఫేజుల్ని ఆర్, వై, బి అంటాం) మీద పడితే ఇంకో 16 పైన. రెండింటి పవర్ ఫ్యాక్టర్లు వేరు కాబట్టి నేరుగా కూడిక కాదు గానీ, కలిపితే ఆ ఫేజులో 28 దాకా పోతుంది. వై, బి ఫేజులేమో హాయిగా 13 దగ్గరే.

అసలు నష్టం జనరేటర్‌కన్నా ఏరేటర్లకి ఎక్కువ. లోడు పడిన ఫేజులో వోల్టేజి దిగుతుంది. ఏవీఆర్ (జనరేటర్ వోల్టేజిని నిలబెట్టే పరికరం) దాన్ని లేపబోతే మిగతా రెండూ పైకి లేస్తాయి. వోల్టేజిలో 3 శాతం తేడా వస్తే చాలు, మోటారు కరెంటులో తేడా దానికి ఆరేడు రెట్లుంటుంది. ఒక ఫేజు కాయిళ్లు మాత్రం నల్లబడిన మోటార్లు సీజనంతా నా షాపుకి వస్తూనే ఉంటాయి. బేరింగు పోయిందనుకుని తెస్తారు.

సోలార్‌పిచ్చోడు:
సరే, ఒక్క ఫేజు మీద వద్దు. అయితే త్రీఫేజ్ ఛార్జర్ ఒకటే కొనండి. న్యూట్రల్ గొడవే ఉండదు, బ్యాలెన్స్ దానంతటదే వస్తుంది.

చెరువుగట్టు:
ఊళ్లో లైను కరెంటు మీద కూడా అదే ఛార్జర్ వాడాలండి. మాకు ఒక ఫేజు పోవడం మామూలే. అప్పుడు అది ఆగిపోదా?

టవర్‌టెక్నీషియన్:
చాలావరకు ట్రిప్ అయితది అన్నా. అందుకే సెల్ టవర్ల పవర్ ప్లాంట్లలో పెద్ద ఛార్జర్ ఒక్కటి పెట్టరు, చిన్న రెక్టిఫయర్ మాడ్యూళ్లను (ఏసీని డీసీగా మార్చే చిన్న ఛార్జర్లను) ఆర్, వై, బి ఫేజులకు పంచుతరు. ఒక ఫేజు పోతే దాని మీద ఉన్నవే ఆగుతయి. మీ బావ చెప్పింది అదే పద్ధతి.

అయితే తేడా ఒకటుంది. టవర్లో మాడ్యూళ్లన్నిటికీ ఒకటే కంట్రోలర్, లోడు సమానంగా పంచుకుంటయి. బయట కొన్న మూడు ఛార్జర్లకు ఆ సంబంధం ఉండదు. ఒకటి 57.6 వోల్టుల దగ్గర సెట్ అయి ఉంటది, ఇంకొకటి 57.2 దగ్గర. బ్యాటరీ నిండుతుంటే తక్కువ సెట్టింగు ఉన్నది ముందే చల్లబడి ఫ్లోట్‌లోకి (నిండిన బ్యాటరీని అలా నిలబెట్టే తక్కువ వోల్టేజిలోకి) పోతది, ఎక్కువ ఉన్నదే లాగుతూ ఉంటది. అప్పటికి కరెంటు తగ్గిపోయి ఉంటది కాబట్టి భయం లేదు. కానీ మూడు పెట్టినం, ఇక చివరిదాకా బ్యాలెన్సే అనుకోవద్దు. అవుట్‌పుట్ ఐసొలేట్ అయి ఉన్నవి (ఇన్‌పుట్ కరెంటుతో నేరుగా సంబంధం లేనివి), ప్యారలల్‌గా కలపొచ్చని కంపెనీ రాసినవే తీసుకోండి.

రివైండింగ్‌షాపు:
న్యూట్రల్ మాట ఎవరూ ఎత్తలేదేం? పీఎఫ్‌సీ (పవర్ ఫ్యాక్టర్‌ని సరిచేసే సర్క్యూట్) లేని చవక ఛార్జర్ల పవర్ ఫ్యాక్టర్ 0.65 దగ్గర ఉంటుంది. అప్పుడు 20 ఆంపియర్ల ఛార్జర్ జనరేటర్ నుంచి లాగేది 5.5 కాదు, 8.5. పైగా వాటి 150 హెర్ట్జ్ కరెంట్లు (మామూలు 50 హెర్ట్జ్‌కి మూడు రెట్లవి) మూడు ఫేజులవీ ఒకదాన్నొకటి కొట్టేసుకోవు, న్యూట్రల్లో కలిసిపోతాయి. మూడూ అచ్చం సమానంగా ఉన్నా న్యూట్రల్లో 14 ఆంపియర్ల దాకా పారుతుంది. లోడు బ్యాలెన్స్ అయింది కదా, న్యూట్రల్‌కి సన్న తీగ చాలంటారే, ఆ మాట ఇక్కడ పనికిరాదు. ఆ తీగ కాలి తెగిందంటే ఫేజు వోల్టేజిలు చెల్లాచెదురై ఛార్జర్లతో పాటు ఆ ఫేజుల మీద ఉన్న బల్బులూ పోతాయి.

సోలార్‌పిచ్చోడు:
పీఎఫ్‌సీ ఉన్నవి కొంటే ఈ గొడవంతా పోతుంది కదా గురువు గారూ. అయినా ఫేజుకి 18 ఆంపియర్ల దగ్గర నడిపితే ఏరేటర్ స్టార్టింగుకి ఏం మిగులుతుంది?

టవర్‌టెక్నీషియన్:
అది నిజమే. స్టార్టింగులో మోటారు ఐదారు రెట్లు లాగుతది. ముందు ఏరేటర్లు ఒక్కొక్కటి ఎక్కించి, వోల్టేజి కుదిరినంక ఛార్జర్లు. టైమర్ రిలే ఒకటి పెడితే రాత్రి కాపలా మనిషికి టెన్షన్ ఉండదు.

చెరువుగట్టు:
పీఎఫ్‌సీ ఉన్నవే మూడు చూస్తానండి. న్యూట్రల్ ఫేజు సైజుదే లాగిస్తాను. బిగించాక క్లాంప్ మీటర్‌తో (తీగ చుట్టూ పట్టి కరెంటు కొలిచేది) ఏం చూడాలి?

రివైండింగ్‌షాపు:
ఏరేటర్లు నాలుగూ తిరుగుతుండగా, బ్యాటరీ బాగా దిగి ఉన్నప్పుడు, మూడు ఫేజులూ న్యూట్రలూ వరసగా పట్టి రాసుకోండి. ట్రూ ఆర్‌ఎంఎస్ (వంకరగా పారే కరెంటునీ సరిగ్గా కొలిచే) మీటరే తీసుకోండి, మామూలుది ఛార్జర్ కరెంటుని తక్కువ చూపిస్తుంది. ఏ ఫేజయినా 20 దాటితే ఛార్జర్ల కరెంటు సెట్టింగు తగ్గించండి, ఏరేటర్ ఆపొద్దు.