నడుము నొప్పి పూర్తిగా తగ్గకముందే నడక మొదలుపెట్టవచ్చా?

విజయనగరంలో ఉంటున్న మా అమ్మగారికి 58 ఏళ్లు. ఏళ్ల తరబడి వంగి వరినాట్లు వేశారు. ఇప్పుడు పీట మీద నుంచి లేవాలంటే మోకాలిపై చెయ్యి ఆనించి, కాసేపు ఆగి, ఆ తరువాతే నిటారుగా నిలబడగలుగుతున్నారు. నొప్పి కాలిలోకి పాకడం గాని, తిమ్మిరి గాని లేవు. పరీక్షించిన వైద్యులు భయపడవలసిందేమీ లేదని, నడవమని చెప్పారే తప్ప ఎంతసేపు, ఎంత వేగంగా అన్నది చెప్పలేదు.

2024లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన ఆస్ట్రేలియా పరిశోధనలో, 701 మందిలో ఫిజియోథెరపిస్టు సలహాతో క్రమంగా నడక పెంచుకున్నవారికి నొప్పి తిరగబెట్టడానికి మధ్యస్థంగా 208 రోజులు పట్టగా, ఆ సాయం అందనివారికి 112 రోజులే పట్టిందని చదివాను. అయితే వారంతా అప్పటికే నొప్పి తగ్గినవారు. మా అమ్మగారికి ఇంకా తగ్గలేదు. (నడక మంచిదని సలహా ఇచ్చే బంధువులెవరూ ఈ తేడా పట్టించుకోరు.)

నొప్పి ఉండగానే నడక మొదలుపెట్టినవారు గాని, ఫిజియోథెరపిస్టులు గాని దయచేసి చెప్పగలరు: అయ్యకోనేరు గట్టు మీద రోజుకు పది నిమిషాలతో ఆరంభించడం సబబేనా? నడిచిన రాత్రి నొప్పి కాస్త పెరిగితే మరునాడు మానెయ్యాలా, తగ్గించి కొనసాగించాలా? బూట్లంటే ఆవిడ ససేమిరా అంటున్నారు కనుక, హవాయి చెప్పులతో నడిస్తే నడుముకు ఇబ్బందా?