లంకల టమాటా ఓడెక్కుతుందా?

లంకసాగు:
వరద తీసి ఒండ్రు ఆరాక, అక్టోబరు ఆఖర్న నాటిన టమాటా మన గోదావరి లంకల్లో జనవరి నుంచి మార్చి దాకా విరగ్గాస్తుంది. ధర పడేదీ అప్పుడే. కోత కూలి కూడా రాదని కాయ చెట్టు మీదే వదిలేస్తారు. రైతులు సంఘంగా కూడి రావులపాలెం దగ్గర ప్యాక్‌హౌస్ (కాయ ఏరి, సర్ది పంపే షెడ్డు) కట్టుకుని గల్ఫ్‌కీ, బంగ్లాదేశ్‌కీ పంపాలంటాను. టమాటా పండించడంలో చైనా తర్వాత మన దేశమే. బయటికెళ్ళే తాజా కాయ మాత్రం అందులో పిసరంత. కాదనేవాళ్ళు లెక్క చూపించి కాదనండి.

చల్లనిబండి:
చూపిస్తానండి. 40 అడుగుల రీఫర్ (లోపల చల్లగా ఉంచే) కంటైనరులో 18 టన్నులు సర్దామనుకుందాం. ఎకరాకి 20 టన్నులు, 10 కోతలు వేసుకుంటే కోతకి 2 టన్నులు. పగుళ్ళు, పుచ్చులు, సైజు తేడాలు ఏరేస్తే ఓడకి పనికొచ్చేది సగం, అంటే టన్ను. ఒక్క కంటైనరు నిండాలంటే ఒకే రకం 18 ఎకరాల్లో ఒకే రోజు కోతకి రావాలి. ముక్కలు ముక్కలు కమతాలున్న మన లంకల్లో అది ఎవరు కుదురుస్తారండీ?

ఆపైన కోత దశ. మన బజారుకి ఎర్రకాయ కోస్తాం. ఓడకైతే కాయ కింది కొన రంగు తిరిగేటప్పుడో, ఇంకా ముందో కోయాలి. ఎండ ఎక్కకముందే కోసి, గంటల్లో లోపలి వేడి దించాలి. ముదురు పచ్చికాయకి 12.5 నుంచి 15 డిగ్రీలు. చల్లగా ఉంటే మంచిదేగా అని 5 డిగ్రీలు పెట్టారో, లోపలున్నన్నాళ్ళూ బాగానే కనిపిస్తుంది. బయటికి తీశాక రంగు సరిగా తిరగదు, గుంటలు పడి ఆల్టర్నేరియా అనే బూజు కుళ్ళు పట్టుకుంటుంది. అరటితో కలిపి ఎక్కిద్దామనే మాట కూడా వినిపిస్తోంది, రావులపాలెం అరటి మార్కెట్టు కదా మరి! డిగ్రీలు దగ్గరదగ్గరగా కుదిరినా, రంగు తిరిగే టమాటా వదిలే, కాయల్ని మగ్గబెట్టే ఇథిలీన్ వాయువుకి అరటి దారిలోనే పండిపోతుంది.

తేదీలచిట్టా:
కంటైనరు నిండినా కొనేవాడేడి? జనవరి, ఫిబ్రవరుల్లో బంగ్లాదేశ్‌లో వాళ్ళ టమాటాయే దండిగా ఉంటుంది. మన కాయ వాళ్ళకి కావలసింది ఎండల్లో, వానల్లో. గల్ఫ్‌లో స్థానిక సాగు కూడా చలికాలమే, పైగా జోర్డాన్, ఇరాన్ వాళ్ళకి పక్కనే. నాసిక్ రైతుకి ముంబయి పక్కనున్న నవశేవ రేవు దగ్గర. మన సరుకు విశాఖలో ఎక్కితే శ్రీలంక చుట్టి వెళ్ళాలి. మన కాపూ వాళ్ళ కాపూ ఒకే నెలల్లో పడటమే అసలు చిక్కు. నాణ్యత తర్వాతి మాట.

లంకసాగు:
ఎక్కడ ఎప్పుడు కొరత పడుతుందో ఎవరికి తెలుసండీ? 2023 ఫిబ్రవరిలో స్పెయిన్, మొరాకోల్లో చలికి కాపు తగ్గింది. గ్యాస్, కరెంటు బిల్లులకి భయపడి నెదర్లాండ్స్‌లో చాలామంది ఆ శీతాకాలం గ్రీన్‌హౌస్ దీపాలే వెయ్యలేదు. బ్రిటన్ సూపర్ మార్కెట్లు మనిషికి 3 ప్యాకెట్లని కోత పెట్టాయి. సరిగ్గా మన కాపు నెల!

అవశేషం:
ఆ కొరత మన గుమ్మం దాకా రాదండి. యూరప్‌లో ప్రత్యేక పరిమితి లేని పురుగుమందు అవశేషం కిలో కాయకి 0.01 మిల్లీగ్రాము మించకూడదు. క్లోర్‌పైరిఫాస్ అనే పురుగుమందుకీ ఇప్పుడంతే. మన కోతలు 4–5 రోజులకోసారి. 7 రోజులు ఆగాల్సిన మందు కొట్టి మధ్యలో కోస్తే ల్యాబులో దొరికిపోతారు. ఆకునీ కాయనీ తొలిచే టూటా పురుగు 2014లో మన దేశంలో కనబడిన దగ్గర్నుంచి పిచికారీలు పెరిగాయి. మగ పురుగుల్ని పట్టే లింగాకర్షక బుట్టలు, బీటీ (బాక్టీరియాతో చేసిన) మందు మొదటి పూత నుంచే పెట్టకపోతే కాపులో వాటితో అదుపు కాదు.

తేదీలచిట్టా:
ఇంకోటి, సుంకాలు. అమెరికా 1996 నుంచి మెక్సికోతో నడిపిన టమాటా ఒప్పందాన్ని 2025 జూలైలో వదిలేసి 17.09 శాతం సుంకం వేసింది. పక్క దేశం, పాత బేరం, అయినా అంతే. మనకి పాకిస్థాన్‌కి పోయే వాఘా దారి 2019లో మూతపడింది. ఇక 2023 ఆగస్టులో మనమే నేపాల్ నుంచి టమాటా తెచ్చుకున్నాం. ఒక్క దేశాన్ని నమ్ముకుని కోల్డ్‌రూమ్ కట్టడం అప్పు నెత్తిన పెట్టుకోవడమే.

కడియంనారు:
ఓడ సంగతి అలా ఉంచి, కాపు నెలలు జరపడం చూడండి. మార్చి తర్వాతకి లాగడం కష్టం. రాత్రి వేడి 24 డిగ్రీలు దాటితే పుప్పొడి చెడి పూత రాలుతుంది, నీడ వలతో పగటి ఎండ తగ్గుతుంది గానీ రాత్రి ఉక్క పోదు. జనవరి కంటే ముందుకి జరపొచ్చు. అప్పుడు తడి నేలలో వడలు తెగులు భయం కాబట్టి వంగ మీద అంటుకట్టిన నారు వాడాలి. తైవాన్‌లోని ప్రపంచ కూరగాయల కేంద్రం చెప్పే ఈజీ203 వంగ వడలుకీ, కొన్ని రోజుల నీటి ముంపుకీ ఓర్చుకుంటుంది. రెండు కాండాలూ సుమారు 2 మిల్లీమీటర్ల మందం ఉన్నప్పుడు ఏటవాలుగా కోసి, గొట్టం తొడిగి, నీడలో బాగా తేమ పట్టి వారం ఉంచాలి. నాటేటప్పుడు అతుకు మట్టిలోకి దిగిందా, టమాటా సొంత వేళ్ళు వేసుకుంటుంది, తెగులు ఆ దారినే లోపలికొస్తుంది. మట్టి ఎగదోసేటప్పుడు కూలీలకి ఇది గట్టిగా చెప్పాలి.

లంకసాగు:
ముందు కాపు మాట బాగుంది. ప్యాక్‌హౌస్ మాట మాత్రం వదలనండి. భువనేశ్వర్, కోల్‌కతా బండ్లకైనా నీడ షెడ్డు, ఏరివేత బల్ల, ప్లాస్టిక్ ట్రేలు కావాలి కదా.

చల్లనిబండి:
అవి కావాలి, ఒప్పుకుంటాను. కోల్డ్‌రూమ్ ఇప్పుడొద్దు. ట్రే మాత్రం అంచు దాకా నింపనివ్వకండి, రెండు వేళ్ళ వెలితి ఉండాలి. పై ట్రే అడుగు కాయని నొక్కితే ఆ దెబ్బ లోడింగులో కనబడదు, దింపుకున్నవాడు బిల్లులో కోసేస్తాడు.