లేపాక్షిలో వేలాడే స్తంభం కాకుండా పిల్లలకు ఏం చూపించాలి?

బెంగళూరు అమ్మ: వచ్చే ఆదివారం లేపాక్షి వెళ్తున్నాం. ఒకడికి ఏడేళ్లు, ఒకడికి పదకొండు. గుడి అనగానే "బోర్" అంటున్నారు. స్తంభం కింద నుంచి టవల్ లాగడం రీల్స్‌లో ముందే చూసేశారు. ఇంకేం ఉంది?

చింటూ నాన్న: ఊరి మొదట్లో నంది ఉందిగా! ఒకే రాయి, 15 అడుగుల ఎత్తు, 27 అడుగుల పొడవు. ఫోటోలకు సూపర్.

హిందూపురం డ్రాయింగ్ మాస్టారు: అమ్మా, స్తంభం దగ్గర క్యూలో టైం పాడు చేసుకోవద్దు. దాని ఒక మూల ఎలాగూ నేలకు ఆనే ఉంటుంది. తల పైకెత్తి నాట్య మంటపం స్తంభాలు చూపించండి. రంభ ఆడుతుంటే బ్రహ్మ మద్దెల వాయిస్తున్నాడు. అదే కచేరీలో మూడు కాళ్ల భృంగి, శివుడి భక్తుడు. శివుడికి తప్ప పార్వతికి మొక్కనన్నాడు, ఆవిడ కోపంతో ఒంట్లో సత్తువంతా లాగేసింది. నిలబడలేకపోతుంటే శివుడు మూడో కాలిచ్చాడు. మూడు కాళ్లవాణ్ణి తెచ్చి నాట్య మంటపంలో పెట్టిన శిల్పి మామూలు కొంటెవాడు కాదు!

తర్వాత మూడు తలల ఆవు. ఒళ్లు ఒక్కటే. కాస్త దూరంగా నిలబడి, కంటికి అడ్డంగా చెయ్యి పెట్టి రెండు తలలు మూసేయమనండి. మిగిలిన తలతో ఆవు పూర్తిగా కనిపిస్తుంది. చెయ్యి జరిపితే ఇంకో ఆవు. మా స్కూలు పిల్లలు అక్కడ నుంచి ఒక పట్టాన కదలరు.

ఇక పైకప్పు బొమ్మలు. గుడి కట్టించిన విరూపణ్ణ, వీరణ్ణ అన్నదమ్ములు నెత్తిన పొడుగాటి టోపీలతో ఉంటారు. అవే కుల్లాయిలు. శ్రీనాథుడు విజయనగరం వెళ్లి, కుల్లాయి పెట్టాను, వెల్లుల్లి తిన్నాను, ఇంకా దయ రాలేదా తల్లీ అని కన్నడ రాజ్యలక్ష్మితో మొర పెట్టుకున్న చాటువు ఉందే, అందులోది ఈ టోపీయే. లేపాక్షి గుడి ఆయన తర్వాతి కాలంది, అచ్యుతరాయల నాటిది. అయినా ఆ టోపీని చూస్తే ఆయన బాధ ఇట్టే అర్థమవుతుంది.

బెంగళూరు అమ్మ: మాస్టారూ, చాలా థ్యాంక్స్. గోడ మీది ఎర్ర మరకలు విరూపణ్ణ కళ్లవని అంటారు కదా, ఆ కథ చెప్పొచ్చా?

హిందూపురం డ్రాయింగ్ మాస్టారు: పెద్దవాడికి చెప్పండి. ఖజానా డబ్బు గుడికి వాడాడని రాజు శిక్ష వేస్తే తన కళ్లు తనే పీకి గోడకు కొట్టాడని జనం చెప్పుకునే కథ. చిన్నవాడికి ఏడు పడగల నాగలింగం కథ చాలు. శిల్పులు వాళ్ల అమ్మ వంట చేసే లోపు దాన్ని చెక్కేశారట! వాడు ఆవిడ ఏం వండిందని అడుగుతాడు, ఏదో ఒకటి రెడీగా ఉంచుకోండి.

చింటూ నాన్న: పొద్దున్నే వెళ్లండి. చెప్పులు బయటే వదలాలి, మధ్యాహ్నం రాళ్ల మీద కాళ్లు కాలిపోతాయి.