అప్‌డేట్: తెలుగు మాస్టారి పోస్టు కోసం రాసిన అర్జీ ఏమైందంటే

ఒడిశాలోని పర్లాకిమిడిలో మా వీధి ప్రాథమిక పాఠశాలలో ఏడాదిగా ఖాళీగా ఉన్న తెలుగు ఉపాధ్యాయుని పోస్టు కోసం అర్జీ ఎలా రాయాలి, అధికారి ఎదుట ఎలా మాట్లాడాలి అని రెండు నెలల క్రితం అడిగాను. సలహాలిచ్చిన అందరికీ కృతజ్ఞతలు.

నా మొదటి ప్రతి నాలుగు పేజీలు, అందులో మూడు తెలుగు గొప్పతనం గురించే. కోరేదేమిటో మొదటి వాక్యంలోనే చెప్పమని మీరు సూచించాక ఒక్క పేజీకి కుదించాను. ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు తగిన సదుపాయాలు కల్పించేందుకు రాష్ట్రాలు కృషి చేయాలని చెప్పే రాజ్యాంగంలోని 350ఎ అధికరణాన్ని, అది 1956 నాటి 7వ సవరణతో చేరిన సంగతితో సహా ఉదహరించి, చదివేవారి సౌకర్యం కోసం ఒడియా ప్రతిని కూడా జతచేశాను.

మాట్లాడటమే కష్టమైంది. "విన్నవించుకొనుచున్నాము" అని సాధన చేస్తుంటే మా అమ్మమ్మ ఆపి, "ఎవులితో మాటాడతన్నావే?" అంది. వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊళ్లో ఉంటూ నేనలా మాట్లాడటం నాకే తప్పనిపించి, ప్రసంగమంతా మార్చాను.

సమావేశంలో ముందుగా నాలుగో తరగతి పిల్ల తెలుగు నోటు పుస్తకాన్ని అధికారి ముందు పెట్టాను. గుణింతం "గౌ" దగ్గర ఆగిపోయింది, తర్వాతి పేజీలన్నీ ఖాళీ. ఆయన చివరిదాకా తిప్పి చూశాకే నేను నోరు విప్పాను.

ప్రస్తుతానికి వారానికి రెండు రోజులు వేరే బడి నుంచి మాస్టారు వస్తున్నారు. శాశ్వత నియామకం కోసం రెండో అర్జీ రాస్తున్నాను.