కాల్ కలుస్తోంది, అవతలివాళ్ల బొమ్మ మాత్రం రావట్లేదు

అందరికీ నమస్కారం. మా కాలేజీ సెమినార్ హాల్లో పాత హెచ్.323 (నెట్ మీద వీడియో కాల్స్‌కు వాడే ఒక ప్రమాణం) వీడియో కాన్ఫరెన్స్ పెట్టె ఉంది. ఇంటర్నెట్ లైన్ మార్చాక తంటా మొదలైంది. క్యాంపస్ లోపల కాల్స్ బాగానే ఉన్నాయి. బయటివాళ్లతో అయితే మా బొమ్మ, మాట వాళ్లకు వెళ్తున్నాయి, వాళ్లవి మాకు రావట్లేదు.

పెట్టెకు 192.168.1.40 స్థిరంగా ఇచ్చాను. రూటర్‌లో కాల్ కలపడానికి వాడే టీసీపీ 1720 పోర్టు తెరిచాను. గేట్‌కీపర్ (కాల్స్‌ను నడిపించే సర్వర్) లేదు, నేరుగా ఐపీకే డయల్ చేస్తాం. పెట్టె సెట్టింగ్స్‌లో నాట్ (అవతలివాళ్లకు లోపలి ఐపీ బదులు పబ్లిక్ ఐపీ చెప్పేది) ఆఫ్‌లో ఉంది. ఆన్ చేసి కొత్త పబ్లిక్ ఐపీ వేయాలా? పెట్టె వాడే టీసీపీ, యూడీపీ పోర్టులకు ఎక్కణ్నుంచి ఎక్కడి వరకో హద్దు పెట్టి, అవే రూటర్‌లో తెరిస్తే సరిపోతుందా? రూటర్‌లో హెచ్.323 ఏఎల్‌జీ (కాల్ సమాచారంలోని ఐపీని రూటరే మార్చే సదుపాయం) కూడా ఆన్‌లోనే ఉంది. పెట్టెలో నాట్, రూటర్‌లో ఏఎల్‌జీ రెండూ ఆన్‌లో ఉంటే ఒకదానితో ఒకటి కొట్టుకుంటాయా? సోమవారం పీహెచ్‌డీ వైవా, బయటి ఎగ్జామినర్ ఇందులోనే వస్తారు. కాస్త చెప్పండి.