ఇంటర్ పరీక్షలు రద్దయ్యాక మార్కులు, ప్రవేశాల సంగతి: అనుభవం ఉన్నవారు చెప్పగలరు

ప్రకాశం_ఎంపీసీ | 26 జూన్ 2021

అందరికీ నమస్కారం. నేను ప్రకాశం జిల్లాలో ఒక ప్రైవేటు కళాశాలలో ఇంటర్ రెండో సంవత్సరం ఎంపీసీ చదువుతున్నాను. మే 5న మొదలు కావలసిన మా పరీక్షలు వాయిదా పడిన నాటి నుంచి, రేపో మాపో కొత్త తేదీలు వస్తాయని పుస్తకాలు ముందు పెట్టుకుని కూర్చున్నాము. ఒక్క ప్రాణం పోయినా రాష్ట్ర ప్రభుత్వానిదే బాధ్యత అవుతుందని సుప్రీంకోర్టు హెచ్చరించాక, మొన్న 24న పదో తరగతి, ఇంటర్ పరీక్షలు రెండూ రద్దు చేశారు. మా వీధిలో ఈ వేసవిలోనే ఇద్దరు పెద్దవారు కొవిడ్‌తో పోయారు కనుక, ఈ వార్త విని మా అమ్మకు ఎంత నిమ్మళం కలిగిందో నాకు తెలుసు.

నా దిగులు వేరు. నిరుడు మార్చిలో మొదటి సంవత్సరం పరీక్షల సమయానికి నాకు టైఫాయిడ్ వచ్చి గణితం 1ఏలోనూ, ఫిజిక్స్‌లోనూ మార్కులు బాగా తగ్గాయి. ఈసారి ఇంప్రూవ్‌మెంట్ రాసి ఆ లోటు పూడ్చుకోవాలని ఏడాది పొడవునా చదివాను. ఇప్పుడు ఆ పాత మార్కులనే ఆధారంగా తీసుకుంటారని అంటున్నారు. పైగా ఇంజనీరింగ్ ప్రవేశ పరీక్ష ఎంసెట్‌లో ఇంటర్ మార్కులకు 25 శాతం వెయిటేజీ ఉంటుంది. ఇటువంటి పరిస్థితిని చూసినవారు ఎవరైనా ఉంటే, ఏమి చేశారో దయచేసి చెప్పండి.

ఓరుగల్లు_బైపీసీ | 29 జూన్ 2021

మా తెలంగాణలో ఈ నెల 9నే రద్దు చేశారు, నిన్న ఫలితాలు ఇచ్చారు. మొదటి సంవత్సరంలో ఏ సబ్జెక్టులో ఎన్ని మార్కులు వచ్చాయో రెండో సంవత్సరంలోనూ అవే వేశారు. ప్రాక్టికల్స్‌కు పూర్తి మార్కులు ఇచ్చారు, మొదటి ఏడాది తప్పిన సబ్జెక్టులకు 35 శాతం వేసి అందరినీ ఉత్తీర్ణులను చేశారు. మొదటి ఏడాది బాగా రాసినందువల్ల నాకు నష్టం జరగలేదు. కానీ మా తరగతిలో రెండో ఏడాదిలోనే గాడిన పడి, తెల్లవారుజామున లేచి చదివిన స్నేహితురాలు ఒకతె ఉన్నది. ఆమె చదివిన చదువుకు మెమోలో ఆనవాలే లేదు. నిన్నంతా ఆమెతో ఫోనులో మాట్లాడుతూనే ఉన్నాను. ఎంసెట్ ఆగస్టు 4 నుంచి ఉన్నది కాబట్టి, ఆ స్నేహితురాలు గాని, మీరు గాని ఇక చూపు మొత్తం దాని మీదే పెట్టడం మంచిదని నా అభిప్రాయం.

నిట్_మొదటి_ఏడాది | 8 జూలై 2021

తమ్ముడూ, నేను 2020 బ్యాచ్. మా ఇంటర్ పరీక్షలు దాదాపు పూర్తయ్యాకే లాక్‌డౌన్ వచ్చింది కాబట్టి మార్కుల బెడద మాకు లేదు, కానీ ప్రవేశ పరీక్షల కోసం పడిన ఎదురుచూపు మాత్రం చాలా కష్టపెట్టింది. ఏప్రిల్‌లో జరగవలసిన ఎన్ఐటీల ప్రవేశ పరీక్ష జేఈఈ మెయిన్ జూలైకి, అక్కడి నుంచి సెప్టెంబరు 1కి వెళ్లింది. వైద్య విద్య ప్రవేశ పరీక్ష నీట్ మే 3 నుంచి జూలై 26కు, ఆపై సెప్టెంబరు 13కు జరిగింది. వాయిదా కోరుతూ వేసిన పిటిషన్‌ను ఆగస్టు 17న సుప్రీంకోర్టు కొట్టివేసే వరకు మాలో సగం మంది చదువుతున్నామో, వార్తలు చూస్తున్నామో తెలియని స్థితిలో ఉండిపోయాము. పరీక్ష రాయడం కంటే తేదీ తెలియకపోవడమే ఎక్కువ అలసట తెచ్చిందని ఇప్పటికీ అనుకుంటాను. వాయిదా వార్త వచ్చిన రోజున చదువు ఆగిపోతుంది, మళ్లీ మొదలుపెట్టడానికి వారం పడుతుంది. అందుకని నేను చివరికి వార్తలు చూసే పని మా నాన్నగారికి అప్పగించి, తేదీ మారితేనే చెప్పమన్నాను.

నీకు ఈ ఏడాది ఒక మేలు ఉంది. జేఈఈ మెయిన్ నాలుగు విడతలుగా పెట్టారు, వాటిలో ఉత్తమమైన స్కోరే లెక్కలోకి వస్తుంది. మిగిలిన రెండు విడతలూ ఈ నెలలోనే మొదలవుతాయి. తెలుగులోనూ ప్రశ్నపత్రం ఇస్తున్నారు. నిరుడు ఎన్ఐటీ ప్రవేశాలకు ఇంటర్‌లో 75 శాతం ఉండాలన్న నిబంధనను సడలించారు కనుకనే మా గదిలో ఇద్దరికి సీటు దక్కింది.

జూనియర్_లెక్చరర్ | 10 జూలై 2021

నేను తెలంగాణలో ప్రభుత్వ జూనియర్ కళాశాలలో రసాయనశాస్త్రం బోధిస్తాను. ఇంతవరకు వచ్చిన మాటలన్నీ సరైనవే, అయితే మా పిల్లల సంగతి కూడా ఇక్కడ నమోదు కావాలి. ప్రభుత్వ విద్యా చానెల్ టీశాట్‌లోనూ, దూరదర్శన్ యాదగిరిలోనూ పాఠాలు ప్రసారమైన మాట నిజం. ఆ వేళకు నా విద్యార్థులలో చాలామంది పత్తి చేనులో ఉన్నారు, ఇంట్లో ఉన్న ఒక్క స్మార్ట్‌ఫోను తండ్రితో పాటు పనికి వెళ్లింది. సందేహం వస్తే టీవీని అడగలేరు కదా. పబ్లిక్ పరీక్ష రద్దు చేయడం ఆరోగ్యం దృష్ట్యా సరైన నిర్ణయమే. కానీ బోర్డు మార్కులకు విలువ తగ్గి, బరువంతా ప్రవేశ పరీక్ష మీద పడితే, కోచింగ్ తీసుకోగలిగినవారే ముందుకు పోతారు. ఏడాదంతా పాఠ్యపుస్తకం శ్రద్ధగా చదివి తొంభై శాతం తెచ్చుకునే పేద విద్యార్థికి ఆ 25 శాతమే కొండంత అండ. ఆ మాట ఎవరూ గట్టిగా అనడం లేదు.

ఇంటర్ సిలబస్‌ను 30 శాతం తగ్గించారు. మా ఎంసెట్‌లో కూడా రెండో సంవత్సరానికి 70 శాతం సిలబస్ నుంచే ప్రశ్నలు వస్తాయి, మొదటి సంవత్సరం మాత్రం పూర్తిగా చదవాలి. జేఈఈ, నీట్‌లలో సిలబస్ తగ్గలేదు, ప్రశ్నలలో ఎంపిక మాత్రమే ఇచ్చారు. ఈ తేడా తెలియక, తొలగించిన పాఠాలను పూర్తిగా వదిలేసినవారు చాలామంది ఉన్నారు.

నూజివీడు_తండ్రి | 12 జూలై 2021

మా అమ్మాయి 2020లో పదో తరగతి. జూన్ 20న పరీక్షలు రద్దయ్యాయి, అందరూ పాస్ అన్నారు, సర్టిఫికెట్‌లో గ్రేడు లేదు. పదో తరగతి తరువాత చేరే ట్రిపుల్ ఐటీ సీట్లు అంతకుముందు పదో తరగతి గ్రేడు పాయింట్ల మీదనే ఇచ్చేవారు, ప్రభుత్వ పాఠశాల పిల్లలకు 0.4 అదనంగా కలిపేవారు. గ్రేడ్లు లేనందువల్ల నిరుడు డిసెంబరు 5న ప్రవేశ పరీక్ష పెట్టారు. పదో తరగతి పుస్తకాలు కట్టిపెట్టిన పిల్ల, చేతిలో ఏ సీటూ ఖాయం కాకుండా, చలికాలం వరకు మళ్లీ అవే పాఠాలు తిరగేసింది. పరీక్ష రద్దయితే భారం పోతుందని మేము అనుకున్నాము. అది వేరొక తలుపు గుండా తిరిగి వస్తుందని అప్పుడు తోచలేదు.

ఎంఎస్_ప్రయాణం | 14 జూలై 2021

విదేశాలకు వెళ్లేవారి కోసం రెండు మాటలు. టీకా రెండో డోసుకు 84 రోజులు ఆగాలనే నియమం నుంచి, చదువు కోసం విదేశాలకు వెళ్లేవారికి జూన్‌లో మినహాయింపు వచ్చింది. కోవిషీల్డ్ మొదటి డోసు తీసుకున్న 28 రోజుల తరువాత రెండోది వేస్తారు, సర్టిఫికెట్ మీద పాస్‌పోర్టు నంబరు తప్పకుండా చేర్పించుకోండి. అమెరికా ప్రయాణ ఆంక్షల నుంచి ఆగస్టు 1న గాని, ఆ తరువాత గాని కోర్సులు మొదలయ్యే విద్యార్థులకు మినహాయింపు ఉంది. నిరుడు మా అన్నయ్యకు ఇంతకంటే గడ్డుకాలం. 2020 జూలై 6న ఇక్కడ విశ్వవిద్యాలయాల నియంత్రణ సంస్థ యూజీసీ చివరి సంవత్సరం పరీక్షలు తప్పనిసరి అన్నది. అదే రోజు అమెరికాలో, తరగతులన్నీ ఆన్‌లైన్‌లోనే ఉంటే విదేశీ విద్యార్థులు దేశంలో ఉండరాదని ఉత్తర్వు వచ్చింది. ఆ ఉత్తర్వును 14న వెనక్కి తీసుకునే వరకు ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు.

ప్రకాశం_ఎంపీసీ | 27 సెప్టెంబరు 2021

పెద్దలకు, మిత్రులకు కృతజ్ఞతలు. జూలై 23న మా ఫలితాలు వచ్చాయి. పదో తరగతి మార్కులకు 30 శాతం, ఇంటర్ మొదటి సంవత్సరానికి 70 శాతం లెక్కగట్టారు. పదో తరగతి వల్ల కొంత తేరుకున్నాను. ఎంసెట్ స్థానంలో వచ్చిన ఈఏపీసెట్‌లో ఈ ఏడాది ఇంటర్ వెయిటేజీని తీసివేశారు, నాకు అనుకున్నదానికంటే మంచి ర్యాంకు వచ్చింది. లెక్చరర్ గారు చెప్పిన మాట మాత్రం మనసులో నిలిచిపోయింది. నాకు మేలు చేసిన నిర్ణయమే మా ఊరి ప్రభుత్వ కళాశాలలో చదివిన మిత్రుడిని వెనక్కి నెట్టింది. అతను, నేను ఇద్దరమూ ఈ నెలలో మార్కులు పెంచుకునే బెటర్‌మెంట్ పరీక్షలు రాశాము.

నల్లగొండ_సీఈసీ | 26 డిసెంబరు 2021

నేను తెలంగాణలో 2021లో మొదటి సంవత్సరం విద్యార్థినిని. పరీక్షలు లేకుండా రెండో సంవత్సరంలోకి పంపారు, ఆ తరువాత అక్టోబరు 25 నుంచి అవే మొదటి సంవత్సరం పరీక్షలు పెట్టారు. ఈ నెల 16న ఫలితాలు వస్తే 49 శాతం మందే ఉత్తీర్ణులయ్యారు. కొందరు విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారు. మొన్న 24న, తప్పిన వారందరికీ కనీస మార్కులైన 35 ఇస్తామని ప్రకటించారు. నేను రెండు సబ్జెక్టులలో తప్పాను. ఇప్పుడు పాసయ్యాను కానీ, 35 అనే అంకెను చూసి డిగ్రీ కళాశాలలో నన్ను ఏమనుకుంటారో అని భయంగా ఉంది. మాస్టారూ, మీరు ఇంకా ఇక్కడ ఉంటే సమాధానం చెప్పండి.

జూనియర్_లెక్చరర్ | 26 డిసెంబరు 2021

ఉన్నానమ్మా. ముందుగా ఒక మాట: నెలల తరబడి తరగతి గది చూడని పిల్లలకు వచ్చిన మార్కులు అవి, నీ తెలివికి కొలత కావు. డిగ్రీ ప్రవేశాలలో నీ ఒక్కదాని మెమో విడిగా కనబడదు, నీ బ్యాచ్ మొత్తానికీ జరిగిన సంగతి అధ్యాపకులందరికీ తెలుసు. రెండో సంవత్సరం పరీక్షలతో పాటు మొదటి సంవత్సరం సబ్జెక్టులకు ఇంప్రూవ్‌మెంట్ రాసే వీలు ఉంటుంది. ఫీజు కట్టే గడువు ఎప్పుడో మీ కళాశాల కార్యాలయంలో ఇప్పుడే అడిగి తెలుసుకో. తప్పిన రెండు సబ్జెక్టులు ఏవో ఇక్కడ రాయి. నాది రసాయనశాస్త్రమే అయినా, మా కళాశాలలో కామర్స్, ఎకనామిక్స్, సివిక్స్ చెప్పే సహోద్యోగులు ఉన్నారు, వారితో మాట్లాడి నోట్సు పంపే ఏర్పాటు చేస్తాను.