దాపల: ఎడమా, దగ్గరా? 747కి రంగులేస్తుంటే పట్టుకున్న అనుమానం

రాత్రిపైలట్:
నాలుగు రాత్రులుగా పోతన గజేంద్రమోక్షంలోని ఒక పద్యపాదం నన్ను వదలట్లేదు, మీలో ఎవరైనా తేల్చండి. మా ఇంట్లో కంప్యూటర్‌లో ఎక్స్-ప్లేన్ ఉంది, విమానం నడిపినట్టు ఆడుకునే ప్రోగ్రాం. అందులో పాత బోయింగ్ 747-200 విమానానికి ఎయిర్ ఇండియా 1971 నాటి రంగులు వేస్తున్నాను, వాళ్ల మొదటి జంబో ‘ఎంపరర్ అశోక’వి. ప్రతి కిటికీ చుట్టూ రాజస్థాన్ కోటల్లో ఉండే గవాక్షం ఆకారంలో ఎర్రటి తోరణం ఉంటుంది, ఫోటోల్లో చూసే ఉంటారు. ‘ఆకాశంలో మీ రాజభవనం’ అని అప్పట్లో ప్రకటనలిచ్చేవారు. ఎడమవైపు ఆ తోరణాలు ఒక్కొక్కటే సరిచేస్తూ కూర్చుంటే నోట్లో అదే పనిగా ‘అల వైకుంఠపురంబులో నగరిలో నా మూల సౌధంబు దాపల’ ఆడుతోంది. సౌధం వల్ల వచ్చిందో, ఎడమ వల్ల వచ్చిందో తెలీదు. బడిలో మాకు దాపల అంటే దగ్గర అని చెప్పారు. మా తాతయ్య మాత్రం ఎడమ అనేవాడు. పద్యంలో దాని వెంటనే వచ్చే మందారవనం ఆ సౌధానికి ఎడమపక్కనా, ఊరికే పక్కనా? పనిలో పని, విమానానికి వేసే ఈ రంగుల వేషాన్ని ఇంగ్లీషులో ‘లివరీ’ అంటారు, దాన్ని తెలుగులో ఏమంటే బాగుంటుందో కూడా చెప్పండి.

నల్లరేగడి:
ఎడమే, అనుమానం అక్కర్లేదు. మా ఇంట్లో నాగలి కట్టినన్నాళ్లూ కుడి ఎద్దు ఎలపట, ఎడమ ఎద్దు దాపట. పుస్తకాల్లో వలపల, దాపల అని ఉండేవి ఇవే. దాపట ఎద్దుని ఎలపటకి మార్చి కడితే సాలు వంకరపోతుంది, అది కదలనే కదలదు, మా నాన్న ఎంత అదిలించినా సరే. పోతన సేద్యం చేసుకుని బతికినవాడు, ‘సత్కవుల్ హాలికులైన నేమి’ అన్నవాడు. నాగలి పట్టిన మనిషి నోట దాపల అన్న మాట ‘దగ్గర’ అనే అర్థంలో ఎలా వస్తుందన్నా?

యతిమైత్రి:
నల్లరేగడి గారూ, మాట మీదే కానీ ఛందస్సు కూడా చూడండి. ఇది మత్తేభం, ప్రాసాక్షరం, అంటే ప్రతి పాదంలో రెండో అక్షరం, ‘ల’. అల, పల, త్పల, హ్వల. మొదటి పాదం ‘దా’తో అయిపోతుంది, ‘పల’ రెండో పాదంలో పడుతుంది. ‘దాపున’ అని రాయాలనుకున్నా అక్కడ రాయలేడు, ప్రాస చెడుతుంది. కాబట్టి దాపుకి ప్రాస కోసం వచ్చిన రూపం ఇది అనే వాదన కొట్టిపారేసేది కాదు. నేను దగ్గర వైపే. అన్నట్టు అసలు గొడవ దాపల కాదు, దాని ముందున్న ‘ఆ మూల’. అది విడదీయాలా, కలపాలా?

మందారవనం:
మొదలుపెట్టారూ! ‘ఆమూల సౌధం’ అని కలిపి చదివేవాళ్లు నాకు తెలుసు, పునాది నుంచీ అని అర్థం చెబుతారు. నాకు అది నప్పదు. ఆ మూలసౌధం, అంటే ఆ ప్రధానమైన మేడ.

యతిమైత్రి:
అక్కా, నప్పడం నప్పకపోవడం తర్వాత, యతి చూడండి. మత్తేభంలో మొదటి అక్షరంతో పద్నాలుగోది కలవాలి. ఇక్కడ మొదటిది అ, పద్నాలుగోది ‘నా’. అది నగరిలోన్ + ఆ, ద్రుతం, అంటే చివరి న్, కలిసి నా అయింది, లోపలున్న ఆ-కారంతో యతి చెల్లుతోంది. ‘నా మూల’ అని, నాది అన్న అర్థంలో తీసుకుంటే యతి ఎగిరిపోతుంది. అంతవరకు రుజువే.

మందారవనం:
రుజువైంది అక్కడ ఆ-కారం ఉందన్న సంగతి మాత్రమే. ‘ఆ మూల’ అన్నా ‘ఆమూల’ అన్నా ఆ-తోనే మొదలవుతుంది కదా తమ్ముడూ, యతి ఈ తగవు తీర్చదు. పైగా మూల తెలుగుదా సంస్కృతానిదా? తెలుగు మూల అయితే ‘ఆ మూలనున్న మేడ’.

ఈశాన్యం:
తెలుగు మూలే. నేను చాలా ఏళ్లుగా అనుకుంటున్నది చెబుతాను. నగరి తూర్పు ముఖం అనుకోండి. తూర్పుకి తిరిగి నిలబడితే ఎడమ ఉత్తరం. మేడకి ఉత్తరంగా, ఈశాన్యం మూలన నీళ్లుండాలని వాస్తు చెబుతుంది. పద్యంలో దాపల వెంటనే ఏముంది? మందారవనం, దాని లోపల అమృతసరస్సు. ఆ మూల అంటే ఈశాన్య మూల, దాపల అంటే ఎడమ, రెండూ ఒకదాన్నొకటి నిలబెడుతున్నాయి.

యతిమైత్రి:
తూర్పు ముఖం అని పద్యంలో ఎక్కడుందండీ?

రాత్రిపైలట్:
నాకు ఇంకో చిక్కు వచ్చింది. ఎడమ సరే, ఎవరి ఎడమ? సౌధానిదా, ఎదురుగా నిలబడి చూసేవాడిదా? విమానంలో ఈ గొడవ లేదు, ముక్కువైపు తిరిగి కూర్చున్న పైలట్‌కి ఏది ఎడమో అదే విమానానికి ఎడమ. కెప్టెన్ కూర్చునేది ఆ పక్కనే, మనం మామూలుగా ఎక్కే తలుపులూ ఆ పక్కనే.

నల్లరేగడి:
ఎద్దులకీ అంతే అన్నా. వెనక నాగలి పట్టినవాడి ఎడమే దాపట. ఎద్దుకీ రైతుకీ ముఖం ఒకే దిక్కు.

చేదోయి:
లివరీ సంగతి ఎవరూ పట్టించుకోలేదు. ఆ మాటకి మూలం ఫ్రెంచిలో ‘ఇచ్చినది’ అని, దొర తన నౌకర్లకి ఇచ్చే బట్టలు. మన బిళ్ళబంట్రోతు తొడుక్కునేది అసలైన లివరీ. అయినా విమానానికి బంట్రోతు బట్టలు అనలేం. నేను ‘అలంకారం’ అంటాను. బ్రహ్మోత్సవాల్లో ఉత్సవమూర్తి ఒక్కరే, పూటకో అలంకారం. మీ ఎక్స్-ప్లేన్‌లోనూ విమానం ఒక్కటే కదా?

రాత్రిపైలట్:
సరిగ్గా అంతేనండి. విమానం ఫోల్డర్‌లో లివరీస్ అని ఒకటి ఉంటుంది, దాన్లో మన పేరుతో ఇంకోటి పెట్టి, లోపల ఆబ్జెక్ట్స్ అనే ఫోల్డర్‌లో రంగు బొమ్మల్ని అసలు ఫైళ్ల పేర్లతోనే ఉంచాలి. పేరులో ఒక్క అక్షరం తేడా వచ్చినా దాన్ని పట్టించుకోదు, అసలు బొమ్మనే చూపిస్తుంది. నేను ఇంజిన్లకి ఇంకా ఏమీ వేయలేదు, అవి పాత రంగుల్లోనే ఎగురుతున్నాయి. అలంకారం బాగుంది, రాసి పెట్టుకున్నాను.

మందారవనం:
పోతన దగ్గరే ఇంకో మాట ఉంది. ఈ పద్యం తర్వాత ‘సిరికిం జెప్పఁడు’లో ‘అభ్రగపతిం బన్నింపఁడు’. గరుత్మంతుణ్ణి సిద్ధం చేయించడు, అంత తొందర. వాహనాన్ని ప్రయాణానికి సింగారించి ఆయత్తం చేయడమే పన్నించడం. మీరు రాత్రిళ్లు చేస్తున్నది అదే. ఇంకో సంగతి, సౌధం అనే మాట సుధ నుంచి వచ్చింది, సుధ అంటే సున్నం. సున్నం పూసిన తెల్లటి మేడ. మీ విమానం పైసగం తెలుపే కదా? అంతకన్నా తగిన పద్యం మీకు దొరకదు.

కృష్ణాతీరం:
అశోకుడెందుకండీ, ఆ జంబోలన్నిటికీ చక్రవర్తుల పేర్లు పెట్టారు, వాటిలో ‘కృష్ణదేవరాయ’ కూడా ఉంది. తెలుగువాడు బొమ్మ వేస్తే అదే వేయాలి. ఆముక్తమాల్యద రాసినవాడి పేరు ముక్కు మీద పెట్టుకుని సముద్రాలు దాటిన విమానం అది! రాయలవారి వర్ణన ముందు…

యతిమైత్రి:
రాయలవారంటే నాకూ ప్రాణమే, కానీ ఇక్కడ పోతనని దించకండి.

చేదోయి:
ఒక మాట చెప్పాలి. అశోక 1978 జనవరి 1న బొంబాయి నుంచి దుబాయ్‌కి లేచిన కాసేపటికే బాంద్రా దగ్గర సముద్రంలో పడిపోయింది, 213 మందిలో ఒక్కరూ మిగల్లేదు. కెప్టెన్ ముందున్న, విమానం ఎటు వాలిందో చూపే పరికరం చెడిపోయి, కుడికి వాలినట్టే చూపిస్తుంటే ఆయన ఎడమకి తిప్పుతూ పోయాడు. బయట చీకటి, కింద సముద్రం, సరిచూసుకోవడానికి హొరైజన్ కూడా కనబడదు. ఆ పేరు రాస్తున్నప్పుడు ఇది గుర్తుంచుకుంటారని చెబుతున్నాను.

రాత్రిపైలట్:
తెలుసండి. పేరు మార్చను. రాయలు తర్వాత వేస్తాను, తప్పకుండా.
ఇవాళ జరిగింది చెప్పాలి. ఈ మోడల్‌లో ఎడమవైపు శరీరం ఒకే బొమ్మలో లేదు, ముందుభాగం ఒకటి, వెనకభాగం ఒకటి, ఒక్కోటి 4096 చుక్కల వెడల్పు. ఒక తోరణం సరిగ్గా అతుకు మీద పడింది. సగం ఈ బొమ్మ అంచులో, సగం ఆ బొమ్మ మొదట్లో. మూడు చుక్కలు కిందికి జరిగినా ఎగురుతున్నప్పుడు మెట్టులా కనబడుతోంది. దాన్ని కలపడానికి రెండు గంటలు పట్టింది, కలుపుతున్నంతసేపూ యతిమైత్రి గారు చెప్పిందే గుర్తొచ్చింది, ‘దా’ ఈ పాదంలో, ‘పల’ ఆ పాదంలో.

మందారవనం:
అయితే మా నాయనమ్మ చెప్పిన కథ వినండి. ఈ పద్యం దగ్గర పోతన గంటం ఆగిపోయిందని, ఆయన లేచి బయటికి వెళితే రాముడే ఆయన రూపంలో వచ్చి పూర్తిచేశాడని అందరం విన్నదే. మా నాయనమ్మ మాత్రం మొదటి పాదం చివర ఆగిందనేది. అంటే ‘దా’ పోతనది, ‘పల’ రాముడిది. ‘దా’ అని రాసి ఆయన ఏ మాట అనుకున్నాడో, దాపున అనుకున్నాడో ఏమో, రాముడు ‘పల’ అని పెట్టి వెళ్లాడు. నేను దాన్ని నమ్ముతాను.

యతిమైత్రి:
అక్కా, ప్రాస ల అని రెండో అక్షరంలోనే తేలిపోయింది, పోతనకి అది తెలియకుండా ‘దా’ దగ్గర ఆగడు.

మందారవనం:
తెలిసే ఆగాడు తమ్ముడూ. కుదిరే మాట కాక, సరైన మాట కోసం ఆగాడు.

నల్లరేగడి:
ఏదైతేనేం, వచ్చింది ఎద్దు మాటేగా. ఎడమే.

ఈశాన్యం:
ఉత్తరం.

రాత్రిపైలట్:
వలపల వైపు మొదలుపెట్టాను. ఎడమ బొమ్మని అద్దంలోలా తిప్పి వాడితే తోరణాలు సరిపోతాయి, రాతలు తిరగబడతాయి, అందుకని అక్షరాలు మళ్లీ మొదట్నుంచి రాస్తున్నాను. మందారవనం గారూ, మీరు ‘బన్నింపఁడు’ అన్నారు, నేను చిన్నప్పుడు నేర్చుకున్నది ‘అభ్రగపతిన్ మన్నింపఁడు’. మీ ప్రతిలో ఎలా ఉంది?

యతిమైత్రి:
మన్నింపఁడా? ఆగండి, పుస్తకం తీస్తాను.